శుభలేఖా, పెట్టెలేఖా?

శుభలేఖ అన్న మాటలో రెండే ముక్కలున్నాయి. ఒకటి శుభం, రెండోది లేఖ. లేఖ అంటే ఉత్తరం. ఒకరు కూచుని, ఇంకొకరిని తలుచుకుని రాసేది. ఇప్పుడు మన ఇళ్ళకి వస్తున్నవాటిలో శుభం మాటేమోగానీ, లేఖ మాత్రం భూతద్దం పెట్టి వెతికినా కనిపించడం లేదు. పెట్టె వస్తోంది. పెట్టెకి మఖమలు గుడ్డ, గుడ్డకి జరీ ముడి, ముడి విప్పితే అర, అరలో నాలుగు జీడిపప్పులు, పక్కన వేలెడంత వినాయకుడు. అన్నిటికీ అడుగున ఎక్కడో ముహూర్తం. అది పగటి లగ్నమో, తెల్లవారుఝాము లగ్నమో తెలుసుకునేసరికి పిల్లలు జీడిపప్పులు కాస్తా కానిచ్చేస్తారు!

నవ్వుకోవడానికి బాగానే ఉంది. కానీ ఏవండీ, ఈ పెట్టె ఖరీదు ఎవరిస్తున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకటి 80 రూపాయలనుకోండి. నాలుగు వందల ఇళ్ళు. ముప్ఫైరెండు వేలు! ఇది ఖరీదైన రకం కాదట, ‘మీడియం’ అట. దుకాణం అబ్బాయి మనమీద జాలిపడి మరీ చెబుతాడు. కల్యాణమండపానికి బయానా ఇవ్వకముందే, వంటవాళ్ళకి తాంబూలం ఇవ్వకముందే, ముప్ఫైరెండు వేలు కాగితం కింద పోయాయన్నమాట. నెలజీతం మీద బతికే ఇంట్లో అది అమ్మాయి పేర బ్యాంకులో వెయ్యాల్సిన సొమ్మా, అటకమీద దుమ్ము కొట్టుకోవాల్సిన సొమ్మా? మీరే చెప్పండి.

“జీవితంలో ఒక్కసారి వచ్చే వేడుక, దానిక్కూడా లెక్కలేనా?” అంటారు. ఒక్కసారే, నేను కాదనను. కానీ నిశ్చితార్థమూ ఒక్కసారే, పెళ్ళికూతుర్ని చెయ్యడమూ ఒక్కసారే, తలంబ్రాలూ ఒక్కసారే, గృహప్రవేశమూ ఒక్కసారే. ఈ ఒక్కసార్లన్నీ కలిపి ఒక్క తండ్రి నెత్తినే పడతాయి. అప్పు తీర్చడం మాత్రం ఒక్కసారి కాదు, నెలనెలా!

“నలుగురూ ఏమనుకుంటారు?” అన్నది రెండో మాట. ఇక్కడే నాకు మన గోదావరి ఆడవాళ్ళతో పేచీ. మనవైపు అసలు పిలుపు కాగితంలో ఉందా? బొట్టులో ఉంది. వెండి భరిణ పట్టుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి గుమ్మం ఎక్కి, బొట్టుపెట్టి, “వదినగారూ, పిల్లల్తో సహా ముందురోజే వచ్చెయ్యాలండీ” అంటేనే పిలిచినట్టు. బంగారుపూత కార్డు పంపి బొట్టుకి వెళ్ళలేదనుకోండి, “మమ్మల్ని పిలిచారా ఏవిటి?” అని పదేళ్ళు గుర్తుపెట్టుకుని దెప్పే వాళ్ళు ప్రతి వంశంలోనూ ఉన్నారు. పిలుపంతా బొట్టులోనే ఉన్నప్పుడు కాగితం చెయ్యాల్సిన పని ఎంత? ఎవరికి, ఎవరితో, ఎప్పుడు, ఎక్కడ. నాలుగు ముక్కలు. నాలుగు ముక్కలకి నాలుగు అరల పెట్టె ఎందుకండీ?

“మగపెళ్ళివారి కార్డుకి మనది సరితూగద్దా?” ఇది మూడోది, అన్నిటికన్నా ప్రమాదమైనది. కట్నం అడగడం 1961 నుంచీ మన దేశంలో నేరం. కాబట్టి తెలివైనవాళ్ళు కట్నం అని అనరు, ‘మా స్థాయి’ అంటారు. స్థాయి ముందు కార్డు దగ్గర మొదలవుతుంది. కార్డుకి తలూపాక మండపానికి తలూపాలి, ఆ తరవాత లాంఛనాలకి తలూపాలి. తల అడ్డంగా ఊపడం మొదట్లోనే అలవాటు చేసుకుంటే మేలు. కార్డు దానికి మంచి చోటు.

ఇంకో సంగతి చూడండి. దుకాణంలో నమూనా పుస్తకం ఒకటుంటుంది. “పేజీ నంబరు చెప్పండి, పేర్లు మార్చేస్తాం” అంటారు. ఏ పేజీ తిప్పినా చాలామటుకు ‘శ్రీమతి & శ్రీ ఫలానావారు’. ఆ శ్రీమతి ఎవరో, ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరేవిటో ఆ పుస్తకానికి అక్కర్లేదు. తొమ్మిది నెలలు మోసి, పాతికేళ్ళు పెంచి, చివరికి కూతురి శుభలేఖలో ఒక వంకర గుర్తు పక్కన పేరు లేకుండా నిలబడుతోంది తల్లి. అబ్బాయి పేరు పక్కన బ్రాకెట్లో చదువు, కంపెనీ, అమెరికాలో ఊరు, అన్నిటికీ చోటు దొరుకుతుంది. తల్లి పేరుకే చోటు చాలదు! మనమే రాసుకుంటే మన పేరు మనం రాసుకోమూ?

మా అమ్మాయి పెళ్ళికి మేం ఇంట్లోనే తయారుచేశాం. ఎలాగో కొలతలతో సహా చెబుతాను, రాసుకోండి. కాస్త దళసరి గోధుమరంగు కాగితాలు రెండొందలు తెచ్చాం. కాగితం మిల్లున్న రాజమండ్రిలో కాగితానికి కరువేవిటి? ఒక్కొక్కటి రెండుగా కోస్తే నాలుగు వందల శుభలేఖలు. అంచుకి ముగ్గు. అవునండీ, వాకిట్లో వేసే చుక్కల ముగ్గే, మా అమ్మాయే కలంతో వేసింది. మధ్యలో విషయం మా అత్తగారు తన గుండ్రటి అక్షరాలతో రాశారు. ఆ ఒక్క ప్రతినీ మా పేటలో చిన్న ప్రెస్సువాళ్ళకిస్తే ఒకే రంగులో అచ్చు వేసిపెట్టారు. కవర్లతో సహా నాలుగు వేలు దాటలేదు. మడిచి కవర్లో పెడితే పది గ్రాములు. ఇరవై గ్రాముల లోపు ఉత్తరానికి తపాలా 5 రూపాయలే. మఖమలు పెట్టెని పంపాలంటే కొరియరు కావాలి, దానికి వేరే వాయింపు.

పసుపు సంగతి జాగ్రత్త. నీళ్ళగా కలిపితే కాగితం ముడుచుకుపోతుంది. వేలికి అంటేటట్టు గట్టిగా కలిపి నాలుగు మూలలా అద్దాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది, నీడపట్టున ఫాను కింద ఆరబెట్టాలి. అదే పసుపులో చిటికెడు సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మీకు నేను చెప్పాలా? పైన బొట్టుకి వేరే రంగు కొనక్కర్లేదు. చిరునామాలు చేత్తో రాయండి, పిన్‌కోడ్ మరవకండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక అమలాపురం తూర్పు గోదావరిలో లేదు, కోనసీమ జిల్లాలో ఉంది.

మా అత్తగారి మాట ఎత్తాను గదా, అది కూడా చెప్పాలి. మావయ్యగారు పోయి పన్నెండేళ్ళు. బొట్టు పిలుపులకి భరిణ పట్టుకుని ఆవిడ రాకూడదని మా వాళ్ళలో ఇప్పటికీ అంటారు. ఎవరు పెట్టిన నియమమో అడిగితే ఎవరూ చెప్పరు. గుమ్మం ఎక్కనివ్వని ఆవిడ చేతిరాత నాలుగు వందల గుమ్మాలు ఎక్కింది! “ఇదెవరి దస్తూరీ, ముత్యాల్లా ఉంది?” అని అడిగినవాళ్ళందరికీ, “మా అత్తగారిదండీ, మనవరాలి పెళ్ళికి ఆవిడే పిలుస్తున్నారు” అని చెప్పాను. ఏ దుకాణంలో ఎన్ని వేలు పోస్తే దొరుకుతుందండీ ఈ పిలుపు?

ఈ రాజమండ్రిలోనే 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. వెళ్తే వెలివేస్తారేమోనని జనం జంకిన రోజులవి. భర్త పక్కన నిలబడి ఆ పనులకి చెయ్యందించిన ఇల్లాలు రాజ్యలక్ష్మమ్మగారు. ఆ పెళ్ళి గురించి నేటికీ చెప్పుకుంటున్నాం. ఎవరు ధైర్యం చేసి నిలబడ్డారో చెప్పుకుంటాం గానీ, శుభలేఖ ఎంత దళసరిగా ఉందో ఎవరమైనా అడిగామా? పెళ్ళికి పరువు వచ్చేవాళ్ళని బట్టీ, నిలబడేవాళ్ళని బట్టీ వస్తుంది. కాగితాన్ని బట్టి కాదు.

“అలాగైతే శివకాశిలో కార్డులు అచ్చువేసేవాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?” అని ఒక చదువుకున్నావిడ నన్ను నిలదీసింది. నేను అచ్చు మానెయ్యమనలేదు, ఆర్భాటం మానెయ్యమన్నాను. మా పేట ప్రెస్సువాడికీ పొట్ట ఉంది, వాడికి పని ఇచ్చాం. ఇంకొకరి ఉపాధి కోసం మనం వడ్డీకి తెచ్చి ఖర్చుపెట్టాలన్న ధర్మం ఏ పురాణంలోనూ లేదు.

“ఫోన్లో బొమ్మ పంపేస్తే పైసా ఖర్చులేదు గదా!” అంటారు పిల్లలు. దూరాన ఉన్నవాళ్ళకి పంపండి, ఆ చేతిరాత కాగితాన్నే ఫోటో తీసి పంపండి. కానీ అందరికీ అదే పంపితే ఎలా? 2024లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు, పెళ్ళిపిలుపు పేరుతో ఫోన్లలోకి దొంగ ఫైళ్ళు వస్తున్నాయి, తెరవకండని హెచ్చరించాల్సి వచ్చింది. పసుపు అంటిన కవరు తెరవడానికి ఎవరూ భయపడక్కర్లేదు.

“ఉన్నవాళ్ళు వేయించుకుంటారు, మీకేం బాధ?” అని కూడా అడగొచ్చు. బాధే. ఉన్నవాళ్ళ పెట్టె లేనివాళ్ళ షోకేసులో కూచుని, “మీ అమ్మాయి పెళ్ళికి ఇంతకి తక్కువైతే చూడు” అని రోజూ నోటీసు ఇస్తుంది. పైన దేవుడి బొమ్మ ఉంటుంది గనక పారెయ్యడానికి చెయ్యి రాదు. ప్లాస్టిక్ పూత ఉంటుంది గనక మరి దేనికీ పనికిరాదు. చివరికి గోదాట్లో కలిపి దణ్ణం పెట్టేవాళ్ళున్నారు. ఆ నీళ్ళే మనం తాగుతున్నాం.

మీ ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉందా? అయితే ముహూర్తం పెట్టుకున్న రోజునే దుకాణానికి కాకుండా కాగితాలకి పంపండి. రాత బాగుండదంటారా? పాలపద్దూ, చాకలిపద్దూ, చీటీల లెక్కా ఇన్నేళ్ళుగా రాస్తున్న చెయ్యే కదండీ, ఒక్క పేజీ రాయలేదా? నాలుగు ముక్కలూ తిన్నగా రాయండి. మూలల్లో పసుపు అద్దండి. ఆహ్వానించువారు అన్నచోట మాత్రం ‘శ్రీమతి’ అని ఊరుకోకుండా, మీ పేరు పూర్తిగా రాయండి.