రెండు గడియారముల యిల్లు



మా శాలిబండ వీథిలో మా ప్రక్కయింట నొక పెద్దమ్మ యున్నది. సాయంకాలము మాయింటికి వచ్చి నాచే భాగవతము చదివించుకొని వినుట యామెకు వాడుక. ఆమె కూతురు అమెరికాలోని డాలసు నగరమున కాపురమున్నది. మొన్న వేసవిలో నొకనాడు ఉదయము 11 గంటలకు పెద్దమ్మ పప్పునకు పోపు పెట్టి, బిడ్డ తిన్నదో లేదో యని ఫోను చేసినది. అక్కడ నప్పుడు రాత్రి 12 గంటల 30 నిమిషములు. గాఢనిద్రనుండి లేచిన కూతురు, ఇంట నెవరికేమి కీడు మూడినదో యని వడవడ వణకుచు పలికినదట. ఆనాడు పెద్దమ్మకు భాగవతముపై మనసు నిలువలేదు. "అలసి పండుకొన్న బిడ్డను లేపితిని గదా" యని పలుమాఱు నొచ్చుకొన్నది.

అదే సాయంకాలము, అదే నోట, కోడలిని గూర్చియు నొకమాట యన్నది. "మా కోడలు నేను తలుపు తట్టనిదే లేవదు బిడ్డా. పొద్దు పొడిచినాక లేచు కోడలుండునా?"

ఆ కోడలు సాఫ్ట్‌వేరు పనిలో నున్నది. ఆఫీసు మాదాపురమున నున్నను, పెక్కుదినములు ఇంటినుండియే పనిచేయును. ఆమెచే పని చేయించుకొనువారు న్యూయార్కులో నుందురు. ఆ మాటకు నేనును తల యూపితిని. వేకువనే లేచి, వాకిలి చల్లి, ముగ్గుపెట్టి, దీపము వెలిగించుట యిల్లాలి ధర్మమని పుట్టినింట నేర్చినదానను. ఆ తల యూపినందుకు పిదప సిగ్గుపడితిని. ఈ నెల మీకు వ్రాయునది ఆ సంగతియే.

పెద్దమ్మ బంధువుల పెండ్లికి కుమారునితో వరంగల్లు పోయిన రాత్రి, "అక్కా, ఈ పూటకు తోడు రండి" యని ఆ పిల్ల పిలిచినది. వెళ్లితిని. నాలుగేండ్ల బిడ్డను జోకొట్టి, ఆ చేతితోనే లాప్‌టాపు తెఱచినది. రాత్రి 9 గంటల 30 నిమిషములకు మీటింగు మొదలయ్యెను. అక్కడివారికది పట్టపగలు 12 గంటలు. ఆమె మాటలు ముగించి, వారు చూపిన తప్పులు సరిచేసి, దీపమార్పునప్పటికి 1 గంట 30 నిమిషములైనది. 5 గంటల 30 నిమిషములకు పాలవాని పిలుపు. ఆ వెంటనే వంట, బిడ్డకు స్నానము, 8 గంటలకు బడి ఆటో. ఆమెకు దొరకిన నిద్ర 4 గంటలు, అనగా పది గడియలు. రాత్రి ఆఫీసు గడియారము, ఉదయము అత్తగారి గడియారము. రెంటికిని ఆమె యొక్కతెయే లొంగియున్నది.

పని నడుమ నామెను, "ఇన్ని దేశముల గంటలు ఈ యంత్రము కెట్లు తెలియును?" అని యడిగితిని. ఆమె నవ్వి, "యంత్రము లోపల పగలు లేదు, రాత్రి లేదు, అక్కా. 1970 జనవరి 1వ తేదీన గ్రీనిచ్ అర్ధరాత్రము మొదలు ఎన్ని సెకండ్లు గడచినవను లెక్క యొక్కటే చాల యంత్రములలో నడచుచుండును. ఎవరి యూరి గంట వారికి మార్చి చూపుటయే తక్కిన పని" యన్నది. యంత్రమున కది చాలును. దేహమునకు చాలదు. మన దేహమునందే యొక గడియారమున్నదనియు, వెలుగును చీకటిని బట్టి యది నడచుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ గడియారము లోలోపల నడచు తీరును ఈగలయందు పరిశోధించి తెలిపిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురు అమెరికనులకు 2017లో నోబెలు బహుమానము లభించెను. పొద్దెక్కినాక పట్టు నిద్ర కొంచెమే పట్టును, సులభముగా చెడును. కనుక రాత్రి పనిచేసినవారి నిద్రకు మఱింత కాపుదల కావలయును.

దేశదేశమునకు వేళ వేఱను మాట మనకు క్రొత్తది కాదు. 476లో జన్మించిన ఆర్యభటుడు, లంకలో సూర్యోదయమగునప్పుడు సిద్ధపురమున అస్తమయమనియు, యవకోటియందు మధ్యాహ్నమనియు, రోమకదేశమున అర్ధరాత్రమనియు తన గోళపాదమున తెలిపినాడు. భూమి 15 డిగ్రీలు తిరుగుటకు 1 గంట, 1 డిగ్రీకి 4 నిమిషములు. తిథి మొదలగు క్షణము లోకమంతటికి నొక్కటియే యైనను, సూర్యోదయములు వేఱు. అందుచేతనే హైదరాబాదు పంచాంగము పట్టుకొని డాలసులో పండుగ చేసినచో నొక్కొకప్పుడు దినము తప్పును.

అంత దూర మేల? మన గడియారమునే చూడుడు. 1906 జనవరి 1వ తేదీనుండి వాడుకకు వచ్చిన భారతదేశపు కాలము, కాకినాడకు సమీపమున పోవు 82½ డిగ్రీల రేఖను బట్టి యేర్పడినది. హైదరాబాదు దానికి 4 డిగ్రీలు పడమర. కనుక 1889లో చార్మినారునకు నాలుగు దిక్కుల నమర్చిన గడియారములు నేడు పండ్రెండు చూపునప్పుడు, సగటున నింక 16 నిమిషములకు గాని సూర్యుడు మన నడినెత్తికి రాడు. గడియారమన సూర్యుని యాజ్ఞ కాదు, మనుష్యులు కలసి చేసికొన్న యొడంబడిక యని దీనివలన తెలియుచున్నది. దేశమంతయు నట్టి యొడంబడిక చేసికొనగా, నాలుగు గోడల నడుమనున్న యొక కుటుంబము చేసికొనజాలదా?

నే నీ మాట పెద్దమ్మతో చెప్పవలెనని తలంచుచుండగనే అనర్థము జరిగినది. ఒకనాటి యుదయము గంజి వార్చుచుండగా కోడలికి కన్నులు మూతపడి, గిన్నె జాఱి, యెడమచేయి కాలినది. డాక్టరు కట్టుకట్టి, "రాత్రి యెన్నిగంటలు నిద్రపోవుచున్నావమ్మా?" యని యడిగెనట. ఆమె బదులు చెప్పలేదు. అత్తగారి ముఖము చూచినది.

ఆ సాయంకాలము పెద్దమ్మ మాయింటికి వచ్చి మాటలేక కూర్చున్నది. నేను మెల్లగా నిట్లంటిని: "పెద్దమ్మా, డాలసులో బిడ్డ నిద్ర చెడెనని మొన్న యెంతో నొచ్చుకొంటిరి. ఈ పిల్ల నిద్రయు నట్టిదే గదా. అక్కడ నడుమ సముద్రమున్నది, ఇక్కడ నొక తలుపున్నది. అంతియే భేదము. రంజాను నెలలో మన బస్తీవారు సహరీకి లేచి, తిని, నమాజు ముగించి మఱల పండుకొందురు. వారిని సోమరులని మీరెన్నడైన నన్నారా? చార్మినారు బజారులు అర్ధరాత్రము దాటినను తెఱచియుండగా మనమును గాజులు కొన పోలేదా?" బస్తీ యంతయు వేళ మార్చుకొన్నప్పుడు దానిని మన్నింతుము. ఒంటరియైన కోడలు మార్చుకొన్నప్పుడు సోమరితన మందుము.

ఆమె చాలసేపు కన్నీరు తుడుచుకొని, "నేనే తలుపు తట్టితిని బిడ్డా" యన్నది. మఱునాడే ఆ యింట మార్పు వచ్చెను. పాలు పెద్దమ్మ తీసికొనును. బిడ్డకు స్నానము చేయించి ఆటో యెక్కించుట తండ్రి పని. ఆ పిల్ల వీథి చప్పుడు వినరాని వెనుకగదిలో, మందపు తెర వేసికొని, 8 గంటల 30 నిమిషముల వరకు పండుకొనును. అంతవరకు మిక్సీ తిరుగదు. ఆమెయు, తన నొప్పించి చెప్పగా, మీటింగు నొకగంట ముందునకు జరుపుడని ఆఫీసువారికి వ్రాసినది. వారమునకు మూడుదినముల కొప్పుకొనిరి, రెండుదినములు పాతవేళయే నిలిచినది. ఆమె వ్రాయువఱకు, తాము మాటలాడునప్పు డిక్కడ నెంత ప్రొద్దుపోయినదో వారిలో పలువురు తలంపనే లేదట.

రాత్రిపనిని నేను పొగడుటలేదు. పగటిపని దొరకినచో నదియే మేలు. ఉదయమునకు నిలువగల పనిని రాత్రికి తెచ్చుట ఆఫీసువారి తప్పు. పని ముగిసినాక ఫోను ప్రక్కలోనికి గొనిపోవుట మన తప్పు. తెల్లవాఱినదాక దానిని చూచుచు, పిదప నిద్ర చాలలేదనుట న్యాయము కాదు. కాని జీతము ముచ్చటగా నందుకొని, ఆ జీతము తెచ్చిన నిద్రలేమిని మాత్రము కోడలి దోషముగా నెంచుట యింకను అన్యాయము. గంటల తేడా భూమి తిరుగుటవలన వచ్చినది. దాని నెవరు మోయవలెనో యింటివారు కూర్చుండి నిర్ణయింపవలెను.

మీ యింట నిట్టి పని చేయువారున్నచో మూడు సంగతులు గుర్తుంచుకొనుడు. వారి నిద్రవేళను భోజనవేళవలె వ్రాసి వంటయింటి గోడకు తగిలింపుడు. ఆ వేళ చుట్టముల నాపుట పెద్దలు పూనవలసిన పని. ఉదయపు పనులలో పురుషులకును భాగ మిండు.

పెద్దమ్మ తన వంటయింట పాత గడియారము ప్రక్క నింకొకటి తగిలించి, న్యూయార్కు వేళకు త్రిప్పించినది. దాని క్రింద డాలసు దీనికి 1 గంట వెనుక యని మనుమనిచే వ్రాయించినది. అమెరికాలో చాల రాష్ట్రములవారు 2007 నుండి మార్చి రెండవ ఆదివారమున గడియారము నొకగంట ముందునకు, నవంబరు మొదటి ఆదివారమున నొకగంట వెనుకకు త్రిప్పుచున్నారు. నవంబరునుండి న్యూయార్కునకును మనకును తేడా 9½ గంటలనుండి 10½ గంటలగును. అప్పుడు ఆ పిల్ల మీటింగు లన్నియు నింకొక గంట ప్రొద్దుపోయి జరుగును. ఈ మాట చెప్పగా పెద్దమ్మ, "అట్లైన నవంబరునుండి బిడ్డ 9 గంటల 30 నిమిషముల వరకు పండుకొనవలె" నన్నది.

ఈమాఱు బిడ్డ యన్నది డాలసులోని కూతురిని గాదు.