చేరువనున్న చరిత్ర

విహారయాత్ర యనగానే పాఠశాలల దృష్టి దూరసీమలకు పోవుట పరిపాటి. చేరువనున్న చరిత్ర మరుగున పడుచున్నది. నేడు ప్రత్తికి, మిరపకు పేరొందిన గుంటూరు, ప్రకాశం మైదానములలో రెండువేల యేండ్ల క్రిందట మిరప లేదు, నూలుబట్ట కలదు. క్రీ.శ. 1వ శతాబ్దినాటి గ్రీకు గ్రంథము ‘పెరిప్లస్’ మసాలియా తీరపు సన్నని వస్త్రములను పేర్కొన్నది. అది కృష్ణా ముఖద్వార ప్రాంతమని పండితుల తలంపు. వినుకొండలోను, నాగార్జునకొండలోను దొరకిన రోమను బంగారు నాణెములు ఆనాటి వర్తకమునకు సాక్షులు.

నాగార్జునకొండ లోయ సాగరజలములలో మునిగినను, అచటి మెట్ల రంగస్థలము అనుపులో పునర్నిర్మింపబడినది. ఆ మెట్ల వరుసలను చూచినంతనే రోమను కట్టడమని నిర్ణయించుట తొందరపాటు. పోలిక ఊహకు దారి చూపును. ఋజువు నిచ్చునవి నాణెములు, శాసనములు.

అట్టి శాసన మొకటి చీరాల చేరువ మోటుపల్లి తీరమున కలదు. రోమను వర్తకము సన్నగిల్లిన శతాబ్దములకు, 1244లో, కాకతి గణపతిదేవుడు దానిని వేయించెను. తుపానుకు చిక్కిన ఓడల సరకును పూర్వరాజులవలె అపహరింపక, సుంకము మాత్రమే గైకొందునని పరదేశ వర్తకులకు అభయ మిచ్చెను.

ఉపాధ్యాయులు పిల్లలను ఈ తావులకు తోడ్కొనిపోయి, ‘ఇది ఎట్లు తెలిసినది?’ అని అడుగ నేర్పవలెను. ఆ ప్రశ్న పుట్టని యూరిలో శాసనశిల చాకిరేవు బండ యగును.