బడి మారవలెనా? బిడ్డ మారవలెనా?

దిల్‌సుఖ్‌నగరున చదువునకు గొదువ లేదు. మెట్రోరైలు స్తంభముల కిరువైపుల మేడమేడకును శిక్షణాలయపు బోర్డు వ్రేలాడుచుండును. ఉపాధ్యాయోద్యోగమునకు శిక్షణ, పోలీసు కొలువునకు శిక్షణ, బ్యాంకు పరీక్షకు శిక్షణ, కంప్యూటరు విద్యకు శిక్షణ! పల్లెలనుండి వచ్చిన యువజనులు హాస్టలు గదులలో నిరుకున నుండి రాత్రింబవళ్లు చదువుచున్నారు. అచటినుండి మూడవ స్టేషను ఎల్.బి. నగరు. అచట త్రోవలు చీలును. ఒకటి విజయవాడకు, ఒకటి నాగార్జునసాగరమునకు. ఈ సాగరు దారిని ఇబ్రాహీంపట్నము దాటి యాచారము, మాల్ వైపు పోయినచో, ఒకరిద్దరు ఉపాధ్యాయులతో నడచు చిన్న బడులు గల పల్లెలు వచ్చును.

అట్టి బడిలో చెవులు వినబడని బాలిక యొకతె యున్నదనుకొందము. అక్షరములు తారుమారుగ దోచు బాలు డొకడు ఆమె ప్రక్కనే కూర్చుండెననుకొందము. వారికి చదువు చెప్పు విధ మా బడిలో నెవరికి దెలియును? వేలకొలది ఉపాధ్యాయులను తయారుచేయు నగరమునకు కూతవేటు దూరముననే యీ ప్రశ్నకు జవాబు లేదు. దీపము క్రింది చీకటి యన్న నిదియే గదా!

శాసనములు లేవా? కావలసినన్ని గలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను మాత్రమే పేర్కొనగా, 2016 లో దాని స్థానమున వచ్చిన హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించినది. నూటికి నలుబది పాళ్లకు దక్కువగాని వైకల్యము గల ప్రతి బిడ్డకును 6 మొదలు 18 యేండ్లవరకు ఉచితవిద్య నొసగవలెనని యది శాసించుచున్నది. దాపునగల బడి కావలెనో, ప్రత్యేక పాఠశాల కావలెనో కోరుకొను హక్కు బిడ్డదే. చదువుటయందును వ్రాయుటయందును గలుగు అభ్యసన వైకల్యమును వీలయినంత శీఘ్రముగ కనిపెట్టవలెనని గూడ నందు గలదు. ఇట్టి బాలల సర్వేను ఐదేండ్ల కొకమారు జరుపవలెననియు, మొదటి సర్వే రెండేండ్లలో ముగియవలెననియు గలదు. చట్టము 2017 ఏప్రిలు 19 న అమలులోనికి వచ్చినది గనుక 2019 ఏప్రిలు నాటికే ఆ లెక్క సిద్ధము కావలెను. పాఠకులారా! మీ యూరి పంచాయతీ గోడమీద ఆ లెక్క నెన్నడైన జూచితిరా? ఎంతమంది బిడ్డలున్నారో యెఱుంగని ప్రభుత్వము వారికి గురువుల నెట్లు పంపును?

ఇక గురువుల సంగతి. ప్రాథమిక తరగతులలో ఇట్టి బాలలు పదిమందికి ఒకరు, పై తరగతులలో పదునైదుగురికి ఒకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయు లుండవలెనని సుప్రీంకోర్టు 2021 అక్టోబరు 28 న తీర్పు చెప్పెను. తీర్పు కాగితముమీద నిలిచిపోవుటచే 2025 మార్చి 7 న మరల నాజ్ఞాపింపవలసి వచ్చెను: పోస్టుల సంఖ్యను ప్రకటింపుడు, నియామకములు సాగింపుడు అని. తెలంగాణ ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన 11,062 ఉపాధ్యాయ పోస్టులలో ప్రత్యేక విద్యకై 220 స్కూలు అసిస్టెంటు పోస్టులు, 796 సెకండరీ గ్రేడు పోస్టులు గలవు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2025 లో 2,260 పోస్టులను మంజూరు చేసినది. సంతోషమే. కాని తెలంగాణమున ప్రభుత్వ పాఠశాలలు ఇరువదివేలకు మించియున్నవి. 1,016 మందిని వానికి పంచిచూడుడు. ఇరువది బడులకు ఒక్క గురువైన రాడు.

అంతకంటె పెద్ద చిక్కు మరియొకటి గలదు. పదిమందికి ఒకరు అను సూత్రము పట్టణమునకు సరిపోవును. పల్లెబడిలో ఇట్టి బిడ్డ యొక్కడే యుండును, ఇద్దరుండిన నెక్కువ. పదింట నొకవంతు గురువును బస్సెక్కించి పంపగలమా? కావున ఆ సూత్రము ననుసరించియే పల్లెబిడ్డకు గురువు రాకుండ బోవును. గుమాస్తా తప్పు చేయలేదు, లెక్క తప్పలేదు. బిడ్డకు మాత్రము చదువు లేదు! 2011 జనగణన ప్రకారము దేశమునందలి వికలాంగులలో నూటికి 69 మంది పల్లెలలోనే యున్నారు. ఎక్కువమంది యున్నచోట పనిచేయని సూత్ర మెవరి మేలునకు?

మండల కేంద్రములలో ‘భవిత’ కేంద్రములు గలవు గదా యందురు. గలవు. అందలి రిసోర్సు పర్సనులు కాంట్రాక్టు జీతముతో నెట్టుకొని వచ్చుచు, బడులు తిరుగుచు, మంచమునుండి లేవలేని బిడ్డల యిండ్లకు గూడ పోయి పాఠము చెప్పుచున్నారు. వారి శ్రమను మేము శిరసా వహింతుము. కాని ఒకరిద్దరు మనుష్యులు మండలమంతయు దిరిగిన నొక్కొక్క బిడ్డకు దక్కు గంట లెన్ని? బిడ్డనే కేంద్రమునకు దెమ్మన్నచో, తల్లి ఆనాటి కూలి పోగొట్టుకొని, నడువలేని బిడ్డను చంకబెట్టుకొని బస్సుకై నిలువవలెను. ఆ తల్లి యొక వారము వచ్చును, రెండు వారములు వచ్చును. మూడవ వారము నాట్లు వచ్చును. ఆమె రాలేదని రిజిస్టరులో గైరుహాజరు వేయుట న్యాయమా?

ధనము లేదందురా? 2018 నుండి నడచుచున్న సమగ్ర శిక్ష పథకమున ఇట్టి బిడ్డ కొక్కరికి ఏడాదికి 3,500 రూపాయలు లెక్కకట్టినారు. రోజునకు పది రూపాయలైన కాదు. దిల్‌సుఖ్‌నగరు చౌరస్తాలో గ్లాసెడు చాయకు చాలీచాలని సొమ్ము! ఈ సొమ్ములోనే ఉపకరణములు, ఈ సొమ్ములోనే పుస్తకములు, ఈ సొమ్ములోనే దారిబత్తెము. బీదతనము ఖజానాలో లేదు. మన సంకల్పములో నున్నది.

ఇట్టి బిడ్డలను పట్టణపు ప్రత్యేక పాఠశాలలకు పంపరాదా యని కొందరు పెద్దలు సలహా యిత్తురు. మలకుపేటలో బధిరుల పాఠశాల గలదు. దారుల్‌షిఫాలో అంధుల పాఠశాల గలదు. అవి యుండవలెను, ఇంకను వృద్ధి చెందవలెను. కాని ఆరేండ్ల బిడ్డను తల్లి యొడినుండి తీసి దూరపు హాస్టలులో నుంచుట ఒకానొకరికి మందు కావచ్చును. అందరికి నియమము కారాదు. 1984 లో సికిందరాబాదు మనోవికాసనగరున వెలసిన జాతీయ సంస్థ బుద్ధివైకల్యము గల బాలలకు విద్య గరపు పద్ధతులను దశాబ్దములుగా బోధించుచున్నది. బిడ్డను పట్టణమునకు రప్పించుటకు మారుగా ఆ పట్టణపు విద్యను పల్లెకు బంపరాదా?

ఒక్క బిడ్డకై తక్కిన ముప్పదిమంది నష్టపడవలెనా యని మరికొందరు అడుగుదురు. ఇది తెలియనివారి మాట. పాఠమును మాటతోపాటు బొమ్మతోను, చేతితోను చెప్పిన ఉపాధ్యాయుడు చెవిటిబిడ్డకేగాక వెనుకబల్ల బిడ్డలందరికి మేలు చేయును. నల్లబల్లపై పెద్ద యక్షరములు వ్రాసిన కన్ను మందమైనవానికే కాదు, అందరికి స్పష్టమగును. బడిగుమ్మమునకు వాలుదారి కట్టిన చక్రాల బండియే కాదు, మధ్యాహ్న భోజనపు గిన్నెయు సులువుగ లోని కెక్కును.

వీరు చదివి యేమి చేయుదురని యడుగువారును లేకపోలేదు. చూపు మందమైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1919 లో విజయనగరపు సంగీత కళాశాలలో వాయులీనాచార్యులై, 1936 లో దానికి ప్రిన్సిపాలైరని మేము చెప్పవచ్చును. కాని ఆ వాదము మాకు వలదు. మహావిద్వాంసుడగు బిడ్డకే బడి యనినచో, కన్నులును చెవులును నిక్షేపముగ నున్న మన బిడ్డలలో నెందరికి బడి దక్కును? కుంటి చెరువు, గుడ్డి చెరువు అనక వాన కురిసినట్లు చదువును అందరికి కురియవలెను.

ఈ నేలమీద నీ తగవు క్రొత్తది కాదు. నిజాము రాజ్యమున తెలుగుబిడ్డ బడిలో ఉర్దూ పాఠమును వినవలసి వచ్చెను. చెవులుండియు వాడు చెవిటివాడు, నోరుండియు మూగవాడు. 1918 లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధ ఉర్దూలోనే. ఆ బిడ్డ మందబుద్ధి యని మన పెద్ద లొప్పుకొనిరా? 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పిన వారును, 1930 లో సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతన జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభ జరిపిన వారును లోపము బిడ్డది కాదనిరి, బడిదే యనిరి. మాతృభాషలో చదువు చెప్పుమని పోరాడిరి. ఆ న్యాయమే నేడును. చెవిటిబిడ్డకు సంజ్ఞలే మాతృభాష. అంధబిడ్డకు బ్రెయిలి చుక్కలే అక్షరమాల. తమకు గావలసినప్పుడు బడి మారవలెనన్న జాతి, నేడు బిడ్డయే మారవలెననుట తగునా?

దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి. నగరునకును నడుమ విక్టోరియా స్మారక అనాథాలయము గలదు. నిజాము కాలమున అనాథబాలల కొసగబడిన రాజాశ్రయ మది. దానివలన మేలు పొందినవారు దానిని మరువరు. కాని దయ ప్రభువు చిత్తమునుబట్టి కలుగును, చిత్తమునుబట్టియే తొలగును. గణతంత్రమున బిడ్డ దయకై చేయి చాపరాదు. తనదానిని తాను పుచ్చుకొనవలెను.

కావున మేము కోరునది స్పష్టము. పదిమందికి ఒకరను లెక్కను బడినిబట్టి కాక, ఐదారు పల్లెల కూటమినిబట్టి వేయవలెను. ఆ గురువు స్థిరమైన యుద్యోగియై, వారమున నేదినమున నేబడికి వచ్చునో బడిగోడపై వ్రాయబడవలెను. ఆతడు రాని దినములలో పాఠము సాగుటకై ప్రతి ప్రాథమికోపాధ్యాయునకు శిక్షణ నొసగవలెను. వైకల్య ధ్రువపత్రమునకై బిడ్డను జిల్లా ఆసుపత్రికి త్రిప్పక, వైద్యులే మండలమునకు రావలెను. దారిబత్తెమును, బాలికల కొసగు నెలకు 200 రూపాయల భృతిని బడి తెరచిన నెలనుండియే చెల్లింపవలెను. చట్టము చెప్పిన సర్వేను పల్లెవారీగ ప్రకటింపవలెను. ఇందులో గొంతెమ్మకోర్కె యొక్కటియు లేదు.

పట్టణ సోదరులారా! పఠనాలయమున నీ పత్రికను చదివి మడిచిపెట్టి పోకుడు. మీలో ననేకులకు పల్లెలో నిల్లు గలదు, ఆ యూరిబడిలో నోనమాలు దిద్దిన జ్ఞాపకము గలదు. పండుగకు పోయినపుడు ఆ బడిలో నడుగుడు: ఇట్టి బిడ్డ లెందరు? వారి పేరు రిజిస్టరులో నున్నదా? గురువు వచ్చి యెన్నాళ్లయినది? జవాబును కాగితముమీద వ్రాసి మండల విద్యాధికారి కిండు, శాసనసభ్యుని కిండు, నకలును పంచాయతీ గోడకు అంటింపుడు. శిక్షణాలయములలో చదువుచున్న యువకులారా! ప్రత్యేక విద్యను ఉద్యోగము దొరకనివాని దారిగ నెంచకుడు. పల్లెలలో మీకై యెదురుచూచు బిడ్డలు వెనుకబల్లమీద కూర్చుండి యున్నారు. వారు పిలువలేరు గనుక మేము పిలుచుచున్నాము.