చేతిలో చేవ.. చేతికందని ఆదాయం

పనితనం ఉన్నా కూలి గిట్టని కొయ్య సామాను వడ్రంగులు
కలప ఆరబెట్టే పెట్టుబడి లేకపోవడమే అసలు చిక్కు

ఐనవిల్లి: ఇల్లు కట్టినా, ఇంట పెళ్లి జరిగినా వడ్రంగి గుమ్మం తొక్కక తప్పని రోజులు కోనసీమలో ఒకప్పుడుండేవి. ద్వారబంధం మొదలు పందిరిమంచం, ఉయ్యాల బల్ల, భోషాణం వరకు అన్నీ ఊళ్లోనే తయారయ్యేవి. ఇప్పుడు పట్టణాల్లోని దుకాణాల నుంచి ఇంజినీర్డ్ చెక్క మంచాలు, ఉక్కు బీరువాలు నేరుగా ఇళ్లకు చేరుతున్నాయి. దీంతో వడ్రంగుల పని తగ్గిందన్న మాట తరచుగా వినిపిస్తోంది. అయితే పని తగ్గడం ఒక్కటే కారణం కాదు. చేతిలో ఉన్న పని కూడా గిట్టుబాటు కాకపోవడమే అసలు సమస్య. దానికి మూలం వారి పనితనంలో లేదు, పెట్టుబడిలో ఉంది.

రెండు రకాల బేరం

అడిగిన కొలతకు సామాను చేసిచ్చే వడ్రంగి సాధారణంగా రెండు పద్ధతుల్లో పని ఒప్పుకుంటారు. మొదటిది కూలి పని. కలప, పాలిష్, సామగ్రి ఇంటివారు తెచ్చిస్తే వడ్రంగి మజూరీ మాత్రమే తీసుకుంటారు. ఇందులో నష్టభయం తక్కువ, లాభమూ తక్కువే. రెండోది కలపతో కలిపి గుత్తకు ఒప్పుకోవడం. ఇందులో లాభానికి అవకాశం ఉన్నా, బేరం కుదిరాక కలప ధర పెరిగితే ఆ భారం పూర్తిగా వడ్రంగిపైనే పడుతుంది.

ఉదాహరణకు ఒక టేకు మంచాన్ని రూ.40 వేలకు ఒప్పుకున్నారనుకుందాం. కలప, కోత, రవాణాకు రూ.25 వేలు, పాలిష్, మేకులు, ఇతర సామగ్రికి రూ.4 వేలు ఖర్చవుతాయనుకుందాం. పది రోజుల పనికి సహాయకుడికి రోజుకు రూ.600 చొప్పున రూ.6 వేలు ఇవ్వాలి. మేస్త్రికి మిగిలేది రూ.5 వేలు. అంటే రోజుకు రూ.500. సహాయకుడి కూలి కన్నా ఇది తక్కువ. కలప ఖర్చు పది శాతం పెరిగితే మరో రూ.2,500 పోయి, రోజుకు రూ.250 మాత్రమే చేతికొస్తుంది. షెడ్డు అద్దె, కరెంటు బిల్లు, యంత్రాల అరుగుదల ఈ లెక్కలో చేరనే లేదు.

దుంగలోనే దాగిన నష్టం

అడితిలో దుంగను కొనేటప్పుడు చుట్టుకొలతలో నాలుగో వంతును అంతే సంఖ్యతో హెచ్చించి, దానిని పొడవుతో గుణించి ఘనపుటడుగులు లెక్కగట్టడం పాత పద్ధతి. 4 అడుగుల చుట్టుకొలత, 10 అడుగుల పొడవు గల దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. అసలు పరిమాణం సుమారు 12.7 ఘనపుటడుగులు. కోతలో పోయే తరుగును ఈ పద్ధతి కొంతవరకు ముందే తీసివేస్తుంది. అయినా బెరడు, చేవకు బయట ఉండే తెల్లచెక్క, ముడులు, పగుళ్లు పోగా సామానుకు పనికివచ్చే చెక్క ఎంతన్నది కోత మిల్లులో దుంగ చీలితే గాని తెలియదు. ఈ అనిశ్చితికి వడ్రంగులు బేరంలో ధర కట్టడం అరుదు.

అంతకన్నా పెద్ద చిక్కు తేమ. ఒకవైపు గోదావరి, మరోవైపు సముద్రం ఉన్న కోనసీమ గాలిలో తేమ ఎక్కువ. పచ్చి చెక్కతో చేసిన తలుపు వేసవిలో కుంచించుకుపోయి సందులిస్తుంది, వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోతుంది. చెక్కను నీడలో, గాలి ఆడేలా మధ్యమధ్య బద్దలు పెట్టి పేర్చి ఆరనివ్వాలి. మందమైన చెక్కకు నెలలు పడుతుంది. అన్ని నెలలు డబ్బును కలపలో కట్టిపడేసే స్తోమత చిన్న మేస్త్రులకు ఉండదు. ఆర్డరు వచ్చాకే చెక్క కొని, ఆరీ ఆరకుండానే సామాను చేస్తారు. ఏడాది తిరగకుండానే ఇంటివారు మరమ్మతుకు పిలుస్తారు. ఆ పనికి కూలి ఉండదు, పైగా పేరు పోతుంది. దుకాణం సామాను వైపు జనం మళ్లడానికి ధర, నగిషీలతో పాటు ఇదీ ఒక కారణమే.

ఆదాయానికీ రుతువులే

ఈ వృత్తి ఆదాయం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. పెళ్లి ముహూర్తాలున్న మాసాల్లో సారె సామాను కోసం తొందరపెడతారు. ఆషాఢంలోనూ, మూఢం వచ్చినప్పుడూ ఆర్డర్లు ఆగిపోతాయి. వానాకాలంలో పాలిష్ ఆరదు. లంక గ్రామాల వారికి వరద అదనపు దెబ్బ. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ వరదలో కోనసీమ లంకలు మునిగాయి. ఎదురుబిడియం కాజ్‌వే మునిగితే ఐనవిల్లిలంకకు రాకపోకలు కష్టమవుతాయి. షెడ్డులో పేర్చిన చెక్కకు నీరు తగిలితే నెలల శ్రమ వృథా. ఈ ఒడిదుడుకులు భరించలేక కొందరు నగరాల్లోని భవన నిర్మాణాల్లో షట్టరింగ్ పనికి, మరికొందరు గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు.

పథకాలు పనిముట్ల వరకే

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకం పరిధిలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేలు, 5 శాతం వడ్డీకి తొలివిడతగా రూ.లక్ష వరకు రుణం, దానిని సక్రమంగా తీర్చిన వారికి మలివిడతగా రూ.2 లక్షల వరకు రుణం ఇందులో ఉన్నాయి. పనిముట్లకు ఇది మేలే. చిత్రిక, ఉలి స్థానంలో విద్యుత్ యంత్రాలు వచ్చాక వాటిని కొనడమే భారంగా మారింది.

అయితే తొలివిడత రుణాన్ని 18 నెలల్లో తీర్చాలి. రూ.లక్ష తీసుకుంటే నెలకు సుమారు రూ.5,780 కట్టాల్సి వస్తుంది. ఆ డబ్బుతో కలప కొని ఆరబెడితే, అది సామానుగా మారకముందే వాయిదాలు మొదలవుతాయి. అంటే చెక్క ఆరేది నెమ్మదిగా, అప్పు తీర్చాల్సింది వెంటనే. ఈ పొంతన కుదరనంత కాలం రుణం యంత్రాలకు ఉపయోగపడుతుందే తప్ప ఆరిన కలప నిల్వకు ఉపకరించదు.

ఏం చేయాలి?

ఒక్కొక్కరి వల్ల కాని పని పదిమంది కలిస్తే సాధ్యం. మండలానికో, రెండు మూడు మండలాలకో ఒక ఉమ్మడి షెడ్డు, చెక్క ఆరబెట్టే గది, కోత, చిత్రిక యంత్రాలు ఉంటే మేస్త్రులు అద్దె చెల్లించి వాడుకోవచ్చు. ఆరిన చెక్క అక్కడే దొరికితే ఎవరి డబ్బూ నెలల తరబడి చిక్కుపడదు. కలప కోసం ఇచ్చే రుణానికి తొలి ఆరు నెలలు వాయిదా విరామం ఇవ్వడంపై బ్యాంకులు ఆలోచించాలి.

వడ్రంగుల వైపు నుంచీ మార్పు అవసరం. నోటిమాట బేరానికి బదులు కొలతలు, కలప రకం, ధర, గడువు కాగితంపై రాసుకోవాలి. కలప ఖర్చుకు సరిపడా బయానా ముందే తీసుకోవాలి. ధర పెరిగితే తేడా ఎవరు భరించాలో అందులోనే రాయాలి. అడితి బిల్లు భద్రపరిస్తే కలప ఎక్కడిదన్న ప్రశ్నకు సమాధానం ఉంటుంది. సొంత తోటలో చెట్టు కొట్టించి ఇచ్చేవారు 2002 నాటి వాల్టా చట్టం నిబంధనలు ముందే తెలుసుకోవాలి.

చేయించుకునేవారూ ఒక విషయం గమనించాలి. ఆరిన చేవ చెక్కతో చేసిన మంచం తరాలు నిలుస్తుంది, విరిగితే ఊళ్లోనే బాగుపడుతుంది. పెళ్లికి పది రోజుల ముందు వచ్చి తొందరపెట్టేకన్నా ఆరు నెలల ముందు బయానా ఇస్తే ఆ వ్యవధిలో చెక్క ఆరుతుంది, మేస్త్రికి పెట్టుబడీ దొరుకుతుంది. ప్రభుత్వ సాయం వచ్చినా రాకున్నా తక్షణం చేయదగిన మార్పు ఇదే. ఉమ్మడి షెడ్డు విషయమై జిల్లా పరిశ్రమల శాఖ అధికారులు చొరవ చూపితే, వలస ఆలోచనలో ఉన్న యువ వడ్రంగులకు ఊళ్లోనే బతుకుదెరువు నిలుస్తుంది.