మెషిన్ ముట్టుకోదు సరే, మన చుప్పీకి ఇలాజ్ ఏది?



రొమ్ము క్యాన్సర్‌ను కంప్యూటర్ కనిపెడుతుందన్న మాట ఇప్పుడు మన ఇళ్లదాకా వచ్చింది. "ఎవరూ ముట్టుకోరు, డాక్టర్ ముందు బట్టలు తీయక్కర్లేదు, కెమెరా చూస్తుంది, కంప్యూటర్ చెబుతుంది" అంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మన బెహన్లకు అది రహ్మత్ లాగే వినిపిస్తుంది. నాకూ ఖుషీయే. కానీ ఆ ఖుషీకి ఒక షరతు ఉంది.

ముందు సంగతేంటో చూద్దాం. బెంగళూరులో 2016లో గీతా మంజునాథ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త మొదలుపెట్టిన నిరామయ్ కంపెనీ ఇలాంటి పరీక్షే చేస్తుంది. గడ్డ ఉన్నచోట రక్తం ఎక్కువ పారుతుంది, వేడిలో తేడా వస్తుంది. థర్మల్ కెమెరా ఆ వేడిని ఫోటో తీస్తే, ఎవరికి ముందుముందు పరీక్షలు కావాలో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చెబుతుంది. రెండో రకం సాఫ్ట్‌వేర్ మామోగ్రామ్‌ను, అంటే రొమ్ము ఎక్స్‌రేను, డాక్టర్‌తో పాటు చదువుతుంది.

ఈ రెండో రకం మీద స్వీడన్‌లో పెద్ద పరిశోధన జరిగింది. 80 వేల మంది ఆడవాళ్లను రెండు సగాలు చేశారు. ఒక సగం ఎక్స్‌రేలను ఎప్పటిలాగే ఇద్దరు డాక్టర్లు చదివారు, 203 మందిలో క్యాన్సర్ దొరికింది. ఇంకో సగానికి కంప్యూటర్ సాయం చేసింది, 244 మందిలో దొరికింది. డాక్టర్లు చదవాల్సిన పని 44 శాతం తగ్గింది. 2023లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. మాషా అల్లాహ్, మంచి కబురే.

అయితే కంప్యూటర్ అన్న ప్రతిదానికీ తలూపకూడదు. అమెరికాలో 1998లోనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కు ఇజాజత్ దొరికింది, ఆసుపత్రులు ఎగబడి కొన్నాయి. 2007లో లెక్క తీస్తే బయాప్సీలు దాదాపు 20 శాతం పెరిగాయి, క్యాన్సర్ పట్టుకోవడంలో మాత్రం చెప్పుకోదగ్గ ఫాయిదా కనిపించలేదు. అంటే ఎందరో ఆడవాళ్లు ఊరికే భయపడి సూది పొడిపించుకున్నారు.

ఇంకో ఫరక్ కూడా చూడండి. స్వీడన్‌లో 40 నుంచి 74 ఏళ్ల ప్రతి ఆడమనిషికీ సర్కారు నుంచి పిలుపు వస్తుంది, చాలామంది వెళ్తారు. అక్కడ కొరత డాక్టర్ల టైముకు. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. మన కొరత గడప దాటడం దగ్గరే ఉంది.

అందుకే నా ఫిక్ర్ ఇది. "ఎవరూ ముట్టుకోరు" అని చెప్పి అమ్మీనో ఖాలానో క్యాంపుకు తీసుకెళ్తాం. కంప్యూటర్ అనుమానం ఉందంటుంది. తరువాత? మామోగ్రామ్‌లో రొమ్మును పలకల మధ్య నొక్కుతారు, అల్ట్రాసౌండ్‌లో చెయ్యి పెడతారు, బయాప్సీలో సూది గుచ్చుతారు. వేడి ఫోటో మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఔషధ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరించింది. ముట్టుకోరన్న ఒక్క మాట మీద వచ్చిన మనిషి ఈ రెండో మెట్టు దగ్గర ఆగిపోతే, మొదటి మెట్టు ఎక్కించి ఏం లాభం?

హయా ఈమాన్‌లో భాగం, దాన్ని నేను తక్కువ చేయను. కానీ హయా వేరు, చుప్పీ వేరు. ఇలాజ్ కోసం, జరూరత్ మేరకు, ఆడ డాక్టర్ దొరకకపోతే మగ డాక్టర్‌కైనా చూపించుకోవచ్చని ఉలమాలు ఎప్పుడో చెప్పారు. ఈ మాట మన జుమా బయాన్‌లలో, ఆడవాళ్ల ఇజ్తెమాల్లో ఎన్నిసార్లు వినపడింది? భర్త దుబాయ్‌లోనో దమ్మామ్‌లోనో ఉంటే, గడ్డ సంగతి ఫోన్‌లో చెప్పడానికి శరమ్, అత్తకు చెప్పడానికి భయం. "ఆయన వచ్చాక చూద్దాం" అంటూ ఏడాది గడిచిపోతుంది. దాన్ని తఖ్దీర్ అనడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ముందు తద్బీర్ చేయాలి, తవక్కుల్ ఆ తరువాత.

మెషిన్ కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు కూడా. ముంబైలో టాటా మెమోరియల్ వాళ్లు 1998లో మొదలుపెట్టి లక్షన్నర మంది బస్తీ ఆడవాళ్లతో 20 ఏళ్ల పరిశోధన చేశారు. శిక్షణ పొందిన ఆడ హెల్త్ వర్కర్లు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారు, అంతే. 50 దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్లలో మరణాలు తగ్గినట్టు తేలలేదు కానీ, మొత్తం మీద జబ్బు ముందు దశలోనే దొరికింది. మన దగ్గరా 2023 మార్చి 8న కరీంనగర్‌లో మొదలైన ఆరోగ్య మహిళ పథకం ఉద్దేశం ఇదే, ఆడవాళ్ల కోసం మంగళవారం దవాఖానా. మీ ఊళ్లో ఎక్కడ జరుగుతోందో ఆశా కార్యకర్తను అడగండి.

కంప్యూటర్ క్యాంపు పెడతామని ఎవరైనా వస్తే స్వాగతం చెప్పండి, మూడు సవాళ్లు మాత్రం వేయండి. కెమెరా దగ్గర ఆడమనిషి ఉంటుందా? అనుమానం వస్తే మామోగ్రామ్, బయాప్సీ ఎక్కడ, ఎవరు చేయిస్తారు? ఆ ఫోటోలు ఎవరి దగ్గర ఉంటాయి? అవి మన బెహన్ల ఇజ్జత్, వాళ్ల చేతిలో అమానత్.

ఇంకొక్క మాట. చేతికి గడ్డ తగులుతుంటే, చనుమొన లోపలికి పోతే, రక్తం కారితే, కంప్యూటర్ "ఏమీ లేదు" అన్నా డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. హైదరాబాద్‌లో ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రి సర్కారుదే. ఆరోగ్యశ్రీ హద్దు 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. దారి ఉంది, తోడు వెళ్లే మనిషి కావాలి. ఆ తోడు కొడుకు కావచ్చు, తమ్ముడు కావచ్చు, పక్కింటి బెహన్ కావచ్చు.

ఈ రాత్రి ఇంట్లో ఆడవాళ్లను ఒక్కసారి అడగండి. శిఫా ఇచ్చేవాడు అల్లాహ్, అడగాల్సిన జిమ్మేదారీ మనది.