జీతం స్లిప్పు లేనోడికి ఇల్లు ఉండొద్దా?

ఈ మధ్య మేము ముగ్గురు విలేకరులం ఒక బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నం. ముగ్గురికీ డిగ్రీలున్నయి. ముగ్గురం పదేండ్లకు పైగా జిల్లా వార్తలు రాస్తున్నం. 2011లో సకల జనుల సమ్మె నడిచిన 42 రోజులూ రోడ్ల మీదనే ఉన్నం. మేనేజరు అడిగినవి రెండే: "జీతం స్లిప్పు ఉన్నదా? ఫారం-16 ఉన్నదా?" రెండూ లేవు. మాకు వచ్చేది లైన్ అకౌంట్. అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే పైసలకు స్లిప్పు ఎవరిస్తరు? మేనేజరు మర్యాదస్తుడే. చాయ్ తాగించి పంపిండు.

మెట్లు దిగంగనే ఒక ఏజెంటు ఎదురొచ్చిండు. "స్లిప్పు లేకున్నా ఇప్పిస్త అన్నా, వడ్డీ పదమూడు పడ్తది, ఇక్కడ సంతకం పెట్టుర్రి" అన్నడు. చేతిల పెన్ను కూడా పెట్టిండు. ఆ పెన్ను తిరిగి ఇచ్చి ఇంటికొచ్చి లెక్క చేసుకున్నం. ఆ లెక్కే ఇయ్యాల ఈ వ్యాసం.

మా గోడు చెప్పుకునేందుకు ఇది రాస్తలేము. మమ్మల్ని ఆపిన ప్రశ్నే ఆటో నడిపే తమ్ముడిని ఆపుతున్నది. బీడీలు చుట్టే అక్కను, ఔట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్‌ను, కిరాణం కొట్టు శేఠును, దుబాయిల మేస్త్రీ పని చేసే అన్నను ఆపుతున్నది. వీళ్లు సంపాదిస్తలేరా? నెల నెలా కిరాయి కడ్తలేరా? కిరాయి తప్పకుండ కట్టేటోడు కిస్తు కట్టలేడని ఏ లెక్కల పుస్తకం చెప్పింది?

పదమూడుకు, ఎనిమిదిన్నరకు నడుమ

ఇరవై లక్షల అప్పు, ఇరవై ఏండ్ల గడువు అనుకుందాం. వడ్డీ ఎనిమిదిన్నర శాతమైతే నెల కిస్తు సుమారు 17,350 రూపాయలు. పదమూడు శాతమైతే 23,430. తేడా నెలకు ఆరు వేలు. ఇరవై ఏండ్లకు పద్నాలుగున్నర లక్షలు! అంటే ఒకే ఇల్లు కట్టుకుని, దాదాపు ముప్పావు ఇంటి పైసలు అదనంగా కడ్తున్నం. జీతం స్లిప్పు లేనందుకు మనం కట్టే జరిమానా ఇది.

ఇంకో మోసం అంతకు ముందే ఉన్నది. ముప్పై లక్షల లోపు అప్పుకు ఇంటి విలువలో 90 శాతం దాకనే ఇయ్యాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇల్లు పది లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఖర్చును ఆ విలువల కలపరు. ఇరవై లక్షల ఇంటికి రెండు లక్షలు మన చేతివి కావాలె. 2021 నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చులు ఏడున్నర శాతం అయినయి, అది ఇంకో లక్షన్నర. మొత్తం మూడున్నర లక్షలు. ఈ మూడున్నర లక్షలను మనోళ్లు ఎక్కడ తెస్తున్నరు? మూడు రూపాయల వడ్డీకి తెస్తున్నరు. అంటే ఏడాదికి 36 శాతం. అసలు ముట్టకుండ వడ్డీకే నెలకు పదివేల ఐదు వందలు. బ్యాంకు కిస్తు ఎప్పుడూ మనిషిని ముంచలేదు, ఈ చేబదులే ముంచింది. కనుక ఇల్లు చూసే ముందు ఈ చేతి సొమ్ము జమ చేయాలె. పీఎఫ్ ఉన్నోళ్లు ఇంటి కోసం దాంట్లకెళ్లి తీసుకోవచ్చు. రిజిస్టరు చిట్టీ ఎత్తుకోవచ్చు. అదీ కాకుంటే ఏడాది ఆగాలె. ఆగుడు నామోషీ కాదు.

ఏ తలుపు ముందు కొట్టాలె?

ఇంటి అప్పుకు మన జిల్లాల్ల నాలుగు తలుపులున్నయి. మనం చేసే తప్పు ఒక్కటే, నాలుగో తలుపును ముందు కొడ్తున్నం. ఎందుకంటే ఏజెంటు నిలబడేది అక్కడనే.

మొదటిది ప్రభుత్వ రంగ బ్యాంకు. వడ్డీ తక్కువ. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలు రెపో వంటి బయటి రేటుకు ముడిపడి ఉండాలె. అది తగ్గితే మనదీ తగ్గుతది. 2025లో రిజర్వు బ్యాంకు రెపోను ఆరున్నర నుంచి ఐదుంబావుకు దించింది, బ్యాంకుల అప్పున్నోళ్లకు ఆ మేలు అందింది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ కట్టుబాటు లేదు.

రెండోది గ్రామీణ బ్యాంకు. 2025 జనవరి 1 నుంచి మన రాష్ట్రమంతటికీ తెలంగాణ గ్రామీణ బ్యాంకు ఒక్కటే. ఊరికి దగ్గరి శాఖ, మన పంట అప్పు, మన సంఘం అప్పు తెలిసిన శాఖ.

మూడోది సహకార బ్యాంకు. జిల్లా కేంద్ర సహకార బ్యాంకు అంటే ఎరువుల అప్పే అనుకుంటం. ఇంటి అప్పు కూడా ఇస్తదని ఎంతమందికి తెలుసు? 2022 జూన్‌లో రిజర్వు బ్యాంకు వీటి పరిమితి పెంచింది. నికర విలువ వంద కోట్ల లోపున్న గ్రామీణ సహకార బ్యాంకు ఒక మనిషికి ఇంటి కోసం 50 లక్షల దాకా, అంతకు పైన ఉన్నది 75 లక్షల దాకా ఇయ్యొచ్చు. ఇవి మన రైతుల వాటా ధనంతో నిలిచిన బ్యాంకులు. అక్కడ అడగకపోతే ఇంకెక్కడ అడుగుతం? ఉద్యోగులకు తమ తమ పరపతి సంఘాలు ఉండనే ఉన్నయి.

నాలుగోది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ. దాన్ని తిట్టడం లేదు. కొట్టు కాడికి వచ్చి, గల్లా చూసి, సరుకు చూసి, ఆదాయం అంచనా కట్టి అప్పిచ్చేది వీళ్లలో కొందరే. మిగతా మూడు తలుపులు మూసుకుంటే ఇది అక్కరకొస్తది. కాని మూడు తలుపులు కొట్టిన తర్వాతనే. తీసుకున్నా నాలుగైదేండ్లు కిస్తు తప్పకుండ కట్టి, ఆ చరిత్ర చూపించి అప్పును బ్యాంకుకు మార్చుకోవాలె. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి అప్పును ముందే తీర్చినందుకు జరిమానా వేయొద్దని రిజర్వు బ్యాంకు 2012లనే బ్యాంకులకు చెప్పింది. కంపెనీల కాడ సంతకానికి ముందే ఈ సంగతి రాతపూర్వకంగా అడగాలె.

ఎవరి కాయితం వాళ్లది

ఆటో, టైలరింగ్, కిరాణం వంటి సొంత పనులున్నోళ్లు: రెండు మూడేండ్ల ఐటీ రిటర్నులు ఉంటే చాలా వరకు తలుపు తెరుచుకుంటది. పన్ను పడకున్నా రిటర్ను వేయొచ్చు. వచ్చిన పైసలు సంచిల పెట్టకుండ ఖాతాల వేయండి. ఫోన్ పైసల లెక్క కూడా ఖాతా లెక్కనే. రేపు ఇల్లు కావాలంటే ఇయ్యాలటి నుంచే ఖాతా మాట్లాడాలె.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మిత్రులు: బ్యాంకు అడిగేది కొనసాగింపు. నియామక పత్రం, పొడిగింపు ఉత్తర్వులు, పీఎఫ్ పాసుబుక్కు, ఖాతాల పడ్డ జీతం దాచుకోండి. ఏజెన్సీ జీతం చేతికిస్తానంటే ఒప్పుకోవద్దు. పర్మినెంటు ఉద్యోగమున్న భార్యనో, భర్తనో సహ రుణగ్రహీతగా పెడితే అర్హత పెరుగుతది.

గల్ఫ్ అన్నలు: పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం, ఎన్ఆర్ఈ ఖాతా స్టేట్‌మెంటు ఉంటే బ్యాంకులు అప్పు ఇస్తయి. ఇక్కడ సంతకం పెట్టేటోళ్లకు పవర్ ఆఫ్ అటార్నీ రాసి అక్కడి మన రాయబార కార్యాలయంల ధ్రువీకరించాలె. కాని హుండీల పంపిన రూపాయికి మొఖం లేదు. పదిహేనేండ్లు ఎడారిల కష్టపడ్డా, ఆ పైసలు బ్యాంకు దారిన రాకుంటే కాయితం మీద ఆదాయం సున్నా.

అసలు ఎన్నడూ అప్పు తీసుకోనోళ్లు: "మీకు సిబిల్ లేదు" అని వెనక్కి పంపితే కదలకండి. మొదటిసారి అప్పు అడిగేటోళ్లను చరిత్ర లేదన్న ఒక్క కారణంతో కాదనొద్దని రిజర్వు బ్యాంకు 2025 జనవరి ఆదేశాల్లో ఉన్నది. మీ క్రెడిట్ రిపోర్టును ప్రతి బ్యూరో నుంచి ఏడాదికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. ఎవరికో జమానతు పడ్డ పాత అప్పు మీ పేరు మీద కనిపిస్తున్నదేమో ముందే చూసుకోండి.

పట్టణాల్ల మొదటి ఇల్లు కొనేటోళ్లు: ప్రధానమంత్రి ఆవాస్ పట్టణ పథకం రెండో విడత 2024 సెప్టెంబరుల మొదలైంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, దేశంల ఎక్కడా పక్కా ఇల్లు ఉండొద్దు, ఇంటి విలువ 35 లక్షలు, అప్పు 25 లక్షలు దాటొద్దు. మొదటి 8 లక్షల మీద నాలుగు శాతం వడ్డీ రాయితీ, అయిదు కిస్తుల్ల మొత్తం 1.80 లక్షల దాకా. అప్పు ఇచ్చేటోళ్లు దీని మాట ఎత్తకపోతే మీరే ఎత్తండి.

మనిషికి కాదు, జాగకు కాయితం లేదు

ఆదాయం చూపించినా ఇంకో గోడ అడ్డం పడ్తది. తాత కట్టిన ఇల్లు గ్రామకంఠంల ఉంటది. ఇంటి నంబరు ఉన్నది, ఇంటి పన్ను రసీదు ఉన్నది, కరెంటు బిల్లు ఉన్నది. దస్తావేజు లేదు. పట్నం అంచున కొన్న ప్లాటు అనుమతి లేని లేఔట్‌ది. 2020 ఆగస్టులో ఎల్ఆర్ఎస్ వచ్చింది, 2025లో ఫీజుల 25 శాతం రాయితీ కూడా ఇచ్చిండ్రు. కట్టుకోగలిగినోళ్లు కట్టుకున్నరు. నోటరీ కాయితం మీద కొన్న పేదోడి సంగతి? తనఖా పెట్టేందుకు పనికిరాని జాగల ఎంత చెమట పోసినా బ్యాంకు కంటికి అది ఇల్లు కాదు. అందుకే మొదట అడగవలసింది వడ్డీ ఎంత అని కాదు, ఈ జాగకు లింకు దస్తావేజులు ఉన్నయా, ఈసీ సాఫుగా ఉన్నదా, అనుమతి ఉన్నదా అని. ఏజెంటు మాట మీద బయానా ఇచ్చి, తర్వాత లాయరు చూసి కాదంటే ఆ బయానా ఎవరు తిరిగిస్తరు?

సంతకం పెట్టే రోజు గుర్తుంచుకోవలసినవి ఇంకో మూడు. 2024 అక్టోబరు 1 నుంచి కొత్త అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇచ్చి తీరాలె, ఫీజులు కలిపి ఏడాదికి పడే అసలు రేటు అందులనే ఉంటది. దాన్ని మనకు తెలిసిన భాషల అడగొచ్చు. బాకీ అంతా తీరినంక 30 రోజుల్ల దస్తావేజులు తిరిగియ్యాలె. 2023 డిసెంబరు నుంచి ఉన్న ఈ నియమం ప్రకారం వాళ్ల తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు మనకు కట్టాలె. ఫిర్యాదుకు 30 రోజుల్ల జవాబు రాకుంటే రిజర్వు బ్యాంకు ఒంబుడ్స్‌మన్‌కు పైసా ఖర్చు లేకుండ రాయొచ్చు.

ఇది ధర్మం కాదు, లెక్క

బ్యాంకు మనకు ధర్మం చేస్తలేదు. బ్యాంకులు తమ అప్పుల్ల 40 శాతం ప్రాధాన్య రంగానికి ఇయ్యాలె. 2025 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం పది లక్షల లోపు జనాభా ఉన్న ఊర్లల్ల, 44 లక్షల లోపు ఇంటికి ఇచ్చే 35 లక్షల దాకా అప్పు ఆ లెక్కలకే వస్తది. మన జిల్లా కేంద్రాలన్నీ, హైదరాబాద్ తప్ప, దాదాపు ఈ కోవలోనివే. మరి జిల్లా బ్యాంకర్ల సమావేశంల లెక్కలు చదివేటప్పుడు ఒక్క ముక్క ఎందుకు అడగొద్దు? ఇచ్చిన ఇంటి అప్పుల్ల జీతం స్లిప్పు లేనోళ్లకు ఎన్ని? పోయిన ఏడాది ఎన్ని దరఖాస్తులు వెనక్కి పంపిండ్రు, ఎందుకు పంపిండ్రు? ఆ సమావేశానికి ప్రజాప్రతినిధులూ పోతరు. వాళ్లను మనమే పంపినం కదా.

సర్కారును అడగవలసినవి రెండు. గ్రామకంఠం ఇండ్లకు బ్యాంకు ఒప్పుకునే హక్కు పత్రం ఇయ్యాలె. 2020లో మొదలైన స్వామిత్వ పథకం దారి చూపింది, అది మన ప్రతి ఊరికీ అందాలె. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ప్రతి నెలా జీతం స్లిప్పు ఇయ్యాలె, పీఎఫ్ కట్టాలె. ఈ రెండింటికీ ఖజానా ఖర్చు పెద్దగా లేదు. మనసు ఉంటే చాలు.

ఇండ్లు కట్టిచ్చే పథకాలు వద్దని మేము అంటలేము. కాని పథకం అందనోడు, పేదరికం రేఖ మీదికి ఒక్క అడుగు వేసినోడు, సొంతంగా అప్పు తీర్చగలిగినోడు లక్షల మంది ఉన్నరు. వాళ్లు ఉచితం అడుగుతలేరు. ఎనిమిదిన్నరకు దొరికే అప్పును పదమూడుకు మా నెత్తిన రుద్దొద్దు అంటున్నరు.

రాష్ట్రం కోసం కొట్లాడినప్పుడు మనల్ని ఎవరూ జీతం స్లిప్పు అడగలేదు. 2014 జూన్ 2న మన జాగ మనకు వచ్చింది. ఆ జాగల నాలుగు గోడలు లేపుకునే హక్కు కోసం కాయితం పట్టుకుని మళ్లీ తిరుగుడు తప్పదంటే తిరుగుదాం. మేము వచ్చే వారం సహకార బ్యాంకు మెట్లు ఎక్కుతున్నం. మీరూ ఎక్కండి. మెట్ల కింద పెన్ను పట్టుకుని నిలబడ్డోడు ఉంటే ఉండనీ, సంతకం మాత్రం పెట్టకండి.