హిమోగ్లోబిన్ అంకె జబ్బు పేరు కాదు

ఆడవాళ్ళన్నాక రక్తం తక్కువ ఉండటం మామూలేనట. ఇళ్ళల్లో అత్తగార్లు అంటే సరే, కొందరు డాక్టర్లూ అదే మాట అని టానిక్ రాసి పంపేస్తున్నారు. నేను ఒప్పుకోను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఉన్నంత మాత్రాన అది మామూలైపోతుందా? ఆడపుట్టుకకే ముడిపెడదామంటే, అదే సర్వేలో దేశం మొత్తమ్మీద ఐదేళ్ళలోపు పిల్లల్లో 67 శాతం మందికి ఉంది. వాళ్ళలో సగం మంది మగపిల్లలే కదా!

ఇక బీట్‌రూట్ జ్యూస్. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. గర్భిణికి సర్కారు ఆసుపత్రిలో ఇచ్చే ఒక్క మాత్రలో 60 మిల్లీగ్రాములుంటుంది.

అసలు తప్పు సీబీపీ, అంటే రక్తకణాల పరీక్ష, రిపోర్టు చదవడంలోనే మొదలవుతోంది. హిమోగ్లోబిన్ స్త్రీకి 12, గర్భిణికి 11, మగవాళ్ళకి 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. హిమోగ్లోబిన్ 9 అని ఉంటే దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, అక్కడితో ఆపేస్తారు. అదే కాగితంలో కాస్త కిందికి ఎంసీవీ అని ఉంటుంది. అది ఎర్రకణం సైజు. 80 కంటే తక్కువుంటే ఇనుము లోటు కావచ్చు, తలసీమియా వాహకత కావచ్చు. కణాలు బాగా చిన్నవై, వాటి సంఖ్య మాత్రం తగ్గకుండా ఉంటే తలసీమియానే ముందు అనుమానించాలి. ఫెరిటిన్, హెచ్‌బీ ఏ2 పరీక్షలు ఆ తేడా చెప్తాయి. ఎంసీవీ 100 దాటితే బి12, ఫోలిక్ ఆమ్లం సంగతి చూడాలి. 1931 నాటికే లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనత ఈస్ట్ సారంతో నయమవుతుందని చూపించింది. అందులోని ఫోలిక్ ఆమ్లాన్ని తర్వాత ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అలాంటి చోట ఇంకా అందరికీ ఒకటే టానిక్కా? బి12 లోటున్న మనిషికి ఒట్టి ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం అంకె పెరుగుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

అరవై దాటిన మగమనిషి విషయంలో ఈ నిర్లక్ష్యం ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ వయసులో ఇనుము తగ్గిందంటే పేగుల్లో ఎక్కడో రక్తం కారుతోందేమో, క్యాన్సర్ ఉందేమో వెతకాలి. పైగా ఐరన్ మాత్రలకి విరేచనం నల్లగా అవుతుంది. రక్తం పోతున్న గుర్తు కూడా అందులో కలిసిపోతుంది.

ఇనుము మాత్రలు పంచడం తప్పని నేననను. ఇనుము లోటు మన దగ్గర చాలా ఎక్కువ, ఆ మాత్రలు కావాలి. కానీ నెల తర్వాత మళ్ళీ సీబీపీ చేయించండి. కనీసం ఒక గ్రామైనా పెరగకపోతే, సరిగ్గా మింగలేదని మాత్రలు వాడినావిడ్ని కసిరి పంపొద్దు. నెలసరి ఎన్ని రోజులవుతోందో అడగండి. నులిపురుగులు, థైరాయిడ్, కిడ్నీలు చూడండి. ఏజెన్సీ నుంచి వచ్చిన మనిషైతే సికిల్ సెల్ పరీక్ష కూడా రాయండి.